పాతయింటి ప్రక్కన క్రొత్త మగ్గపు వసారా

ఇంటిలో చోటు చాలనపుడు గృహస్థుడు మొట్టమొదట చూచునది తన యింటి వెలుపలి గోడనే. క్రొత్తగా నాలుగు గోడలు లేపుటకంటె, ఉన్న గోడను ఒక వైపున నుంచుకొని, తక్కిన మూడు వైపులను మాత్రము కట్టి, పైన ఒకే వాలుగల కప్పు వేసినచో ఖర్చు తగ్గునని యతడు తలంచును. ఆ తలంపు సహజమే. ఆదోని పట్టణమునందును, ఎమ్మిగనూరు వీధులయందును ఈ రీతిని వెలసిన పనిశాలలు పెక్కులు కనబడును. వడ్రంగి తన పనిముట్లను, కమ్మరి తన కొలిమిని, నేతగాడు తన మగ్గమును ఇట్టి చోటనే పెట్టుకొందురు. దీనిని కొందఱు వసారా యందురు. కొందఱు పంచ యందురు.

చూచుటకు ఇంత తేలికయైన కట్టడము మఱియొకటి లేదు. అయినను రెండు మూడు వర్షాకాలములు గడచిన పిమ్మట పరీక్షించినచో, పాతగోడకును క్రొత్తగోడకును నడుమ బీటలు, కప్పు గోడను తాకుచోట నీటి మరకలు, గదిలోపల చెమ్మ అనేకచోట్ల కనబడుచుండును. దీనికి కారణములేమి, నివారణోపాయములేమి యను సంగతులను విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలియజేయుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాము. మేము చెప్పదలచిన ముఖ్యాంశము ఒక్కటే. క్రొత్త వసారా పాతయింటి ప్రక్కన తన కాళ్లపై తాను నిలువవలెను. పాతయింటి భుజముపై వ్రేలాడరాదు.

మగ్గమునకు ఎట్టి చోటు కావలెను?

ఎమ్మిగనూరు నేతపనికి పేరొందిన ఊరు. 1938వ సంవత్సరమున శ్రీ మాచాని సోమప్పగారి కృషివలన అచ్చట నేతపనివారల సహకార సంఘము స్థాపింపబడినది. 1954లో భారత ప్రభుత్వమువారు ఆయనను పద్మశ్రీ బిరుదముతో గౌరవించిరి. కావున మన వ్యాసమునకు నేతగాని వసారానే ఉదాహరణముగా గైకొందము. తక్కిన వృత్తులవారును తమ పనికి తగినట్లు దీనిని మార్చుకొనవచ్చును.

గుంటమగ్గమునందు నేతగాడు నేలమట్టమున కూర్చుండి, కాళ్లను గుంటలోనికి దించి, తొక్కుడు చెక్కలను త్రొక్కుచు నేయును. గుంటలోని చల్లదనము పడుగు దారమునకు మేలు చేయును. మిక్కిలి పొడిగాలిలో నూలు తఱచుగా తెగును. ఈ సత్యమును దూరదేశపు నేతగాండ్రును ఎఱుగుదురు. 1733లో జాన్ కే యను నాతడు ఎగురు నాడెను కనిపెట్టిన ఇంగ్లండు దేశపు లాంకషైరు సీమలో, నూలు నేయువారు చెమ్మకొఱకే తమ యిండ్ల క్రింద సగము నేలలోనికి దిగిన గదులలో మగ్గములు పెట్టుకొనెడివారు. ఆ ప్రక్కనున్న యార్కుషైరులో ఉన్ని నేయువారికి చెమ్మకంటె వెలుతురు ముఖ్యమగుటచే, మేడగదికి వరుసగా కిటికీలు పెట్టి అచ్చట నేసెడివారు.

అయితే చెమ్మ వేరు, నీరు వేరు. గుంటలో నీరు నిలిచినచో చెక్కలు ఉబ్బును, నూలు మరకపడును, మగ్గము ఆగును. మగ్గము ఆగిననాడు ఆ యింటి కూలియు ఆగును. అంతకంటె గొప్ప అపాయము గోడ కూలుట. బంకమట్టితో పేర్చిన రాతిగోడ ఎండలో ఏండ్ల తరబడి నిలుచును గాని, పాదము నానినచో ఒక్క రాత్రిలో ఒరగిపోవచ్చును. 2009వ సంవత్సరము అక్టోబరు మొదటి దినములలో తుంగభద్ర పొంగి మంత్రాలయమును, కర్నూలును ముంచినపుడు ఎన్నో యిండ్లు కూలుట మన జిల్లావారు మఱచియుండరు. అట్టి వరద రాకున్నను, పైకప్పు నీరు ప్రతి వానకును ఒకేచోట గోడ మొదట పడుచుండినచో, ఆ గోడకు వరద వచ్చినట్లే.

నేల స్వభావము

ఆదోని కొండల దాపున రాతినేల, గరపనేల గలవు. పొలముల వైపునకు పోయినకొలది నల్లరేగడి విస్తరించియున్నది. ప్రత్తికి ఈ నేల తల్లివంటిది. గోడకు మాత్రము నమ్మదగిన నేస్తము కాదు. రేగడిలో మాంట్‌మొరిల్లొనైట్ అను ఖనిజము కలదు. అది పుస్తకపు పుటలవలె పలుచని పొరలు గలది. నీరు ఆ పొరల నడుమ దూరినపుడు మన్ను ఉబ్బును. నీరు ఆరినపుడు కుంచించుకొని పోవును. వేసవిలో రేగడి చేలలో మన పిల్లలు చూచు నెఱ్ఱెలకు ఇదియే కారణము.

ఇందులో రెండు సంగతులు గ్రహింపవలెను. మొదటిది: పాతయిల్లు నేలను కప్పియుండుటచేత దాని నడిమి భాగమున తడి ఇంచుమించు ఒకే తీరున నుండును, అంచున మాత్రము వానకు తడిసి, వేసవికి ఎండుచుండును. మన వసారా సరిగా ఆ యంచుననే కూర్చుండును. రెండవది: ఉబ్బుచున్న నేల తనపై నున్న బరువును పైకి ఎత్తజూచును. బరువైన పాతగోడ దానిని అణచియుంచగలదు. తేలికయైన వసారా గోడ అణచలేక పైకి లేచును. కనుక పాతయిల్లు కదలకయే క్రొత్తది కదలును. రెండింటిని గట్టిగా కలిపి కట్టినచో, ఆ కదలిక పాతగోడను లాగును. బీట అచ్చటనే పుట్టును.

పునాదియు గుంటయు

గరప లేక రాయి తక్కువ లోతులో తగిలినచో పునాదిని అంతవరకు దించుట ఉత్తమము. రేగడి లోతుగా నున్నచో పునాది చాలును వెడల్పుగా త్రవ్వి, ఆ మన్నును తీసివైచి, గరపను పొరలు పొరలుగా పోసి, తడిపి, దిమ్మిసతో కొట్టి, దానిపై రాతికట్టు లేపుట వాడుకలో నున్న మేలైన పద్ధతి. పెద్ద కట్టడములకు రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు వేఱొక మార్గమును రూపొందించిరి. నేలలో సన్నని గుంత దొలచి, అడుగున దానిని గంటవలె వెడల్పు చేసి, కాంక్రీటు పోయుదురు. సామాన్యముగా ఇది మూడున్నర మీటర్ల లోతునకు, అనగా ఋతువులతోబాటు మన్ను కదలని పొరవఱకు దిగును. చిన్న వసారాకు ఇంత పని అక్కఱలేకపోయినను, కదలని నేలను వెదకి నిలువవలెనను సూత్రము మాత్రము రెంటికిని సమానమే.

పాతగోడ ప్రక్కన ఒకేసారి పొడుగున చాలు త్రవ్వుట అపాయకరము. గోడ పాదమునకు ఆసరాగానున్న మన్ను తొలగినచో గోడ జాఱవచ్చును. మూడు నాలుగడుగుల ముక్కలుగా, ఒకటి విడిచి ఒకటి త్రవ్వి, కట్టి, పూడ్చిన పిమ్మటనే తక్కిన ముక్కలను త్రవ్వవలెను. పాత పునాది అడుగుకంటె లోతునకు పోవలసివచ్చినచో అనుభవజ్ఞుని అడుగక త్రవ్వరాదు. వానకాలమున ఈ పని అసలే పెట్టుకొనరాదు.

మగ్గపు గుంటకు ఒక ఉపాయము కలదు. వసారా నేలను వెలుపలి నేలకంటె ఒకటిన్నర అడుగు ఎత్తు చేయుదము. రెండున్నర అడుగుల లోతుగల గుంట అపుడు వెలుపలి నేలకంటె ఒక్క అడుగు మాత్రమే క్రిందికి పోవును. ఒక్క ఎత్తుతో రెండు మేళ్లు కలుగును: వాననీరు గుంటలో చేరదు, గుంట పాత పునాది అడుగును దాటదు. గుంట ప్రక్కలకు నాపరాళ్లు నిలిపి, అంచును నేలకంటె రెండంగుళములు ఎత్తు చేసినచో ఊడ్చిన నీరును లోపలికి పోదు. గుంటను పాతగోడకు నాలుగడుగులకు తక్కువ దూరమున పెట్టరాదు.

నేల ఎత్తు చేయుటకు పోసిన మన్ను పాతగోడకు తగులుచుండినచో దాని చెమ్మ గోడలోనికి ఎక్కును. కావున ఆ రెంటికిని నడుమ నాపరాళ్లను నిలువుగా పాతి అడ్డు చేయవలెను. బేతంచెర్ల నాపరాయి మన ప్రాంతమున సులభముగా దొరకునది. ఈ పనికి మిక్కిలి తగినది.

కంబములు, దూలములు, వాసములు

మన వసారా ఇరువది అడుగుల పొడవు, పండ్రెండు అడుగుల వెడల్పు గలదని అనుకొందము. తొలుత మూలలు సరిచూడవలెను. పాతగోడ సాధారణముగా వంకరగా నుండును గాన దానినిబట్టి కొలువక, దాని ప్రక్కన ఒక దారమును తిన్నగా లాగి, ఆ దారమునుండి కొలువవలెను. ఒక మూలనుండి దారము వెంబడి ఆఱడుగులు, అడ్డముగా ఎనిమిదడుగులు గుర్తించి, ఆ గుర్తుల నడుమ సరిగా పది అడుగులున్నచో మూల సరియైనది. మొత్తము గీసిన పిమ్మట ఎదురుమూలల కొలత రెండు వైపులను 23 అడుగుల 4 అంగుళములు రావలెను. పైథాగరసు సిద్ధాంతము పరీక్షకు మాత్రమే యని తలంచు విద్యార్థులు మేస్త్రి చేతి దారమును ఒకసారి గమనింపుడు.

ఇపుడు ముఖ్యమైన ప్రశ్న. కప్పు పై అంచును దేనిపై మోపవలెను? పాతగోడను మొదట పరీక్షింపవలెను. తూకపుగుండు వ్రేలాడదీసి గోడ ఒరగినదేమో చూడవలెను. రాళ్ల సందులలో మేకుతో గీకి చూడవలెను. సున్నపుకట్టు గట్టిగానుండి, గోడ నిలువుగానున్నచో, ఒక దూలమును గోడకు ఆనించి, గోడ ఆవలివైపువఱకు పోవు ఇనుపమరలతో, లోపల వెడల్పైన ఇనుపబిళ్లలు వేసి బిగింపవచ్చును. మేకు గీకినంతనే మన్ను రాలినచో ఆ గోడకు ఒక్క మేకును కొట్టరాదు. మన పల్లెలలోని పాత మిద్దెలలో ఈ రెండవ విధము గోడలే యెక్కువ.

అట్టిచోట పాతగోడ ప్రక్కనే వేఱుగా కంబముల వరుసను నిలుపవలెను. అయితే గోడను ఒరసికొని నిలిపినచో వాని గుంతలు పాత పునాదిపై పడును. రెండడుగులు ఎడముగా నిలిపి, వాసముల తలలను గోడవైపునకు సాగనిచ్చినచో ఆ చిక్కు తీరును. ఆ రెండడుగుల చోటు వృథా కాదు. నూలు చిలుపలు, కండెల బుట్టలు అచ్చట పెట్టుకొనవచ్చును. ఇరువది అడుగుల పొడవున నాలుగు కంబములు చాలును. వాని నడుమ దూరము 6 అడుగుల 8 అంగుళములు వచ్చును. చూరువైపునను ఇట్లే నాలుగు.

కొయ్య కంబమును మన్నులో పాతినచో చెదలు పట్టును. రాతిదిమ్మెపై నిలిపి, దిమ్మెలో పాతిన ఇనుపపట్టీతో బిగింపవలెను. టేకు కొనలేనివారికి బాగుగా ఎండిన వేపకొయ్య పనికివచ్చును. వాసము దూలముపై కూర్చుండుచోట చిన్న గంటు కొట్టి, సమతలముగా కూర్చుండునట్లు చేయవలెను. గంటు లేక వాలుగానే మేకు కొట్టినచో వాసము క్రిందికి జాఱజూచి, చూరువైపు కంబములను వెలుపలికి త్రోయును. ఆ గంటు వాసపు మందములో నాల్గవ వంతునకు మించరాదు. మూలలయందు ఏటవాలు పట్టెలు కొట్టినచో కంబములు ఊగవు.

మగ్గపు చట్రమును ఈ కంబములకు గాని, పాతగోడకు గాని కట్టరాదు. ప్రతి పేక పోగునకును అచ్చు వచ్చి గుద్దుచుండును. దినమునకు వేలకొలదిగా పడు ఆ దెబ్బలను మగ్గపు చట్రమే నేలకు అప్పగింపవలెను.

వాలు లెక్క

పై దూలము పది అడుగుల ఎత్తున నున్నదనుకొందము. జింకు రేకులకు అయిదడుగులకు ఒక అడుగు చొప్పున వాలు ఇచ్చినచో, పండ్రెండడుగులకు 2 అడుగుల 5 అంగుళములు తగ్గును. చూరువద్ద 7 అడుగుల 7 అంగుళముల ఎత్తు మిగులును. మంగళూరు పెంకులకు రెండడుగులకు ఒక అడుగు చొప్పున వాలు కావలెను. పండ్రెండడుగులకు ఆఱడుగులు తగ్గి, చూరువద్ద నాలుగడుగులే మిగులును. మనుష్యుడు వంగి దూరవలసివచ్చును. కాబట్టి పెంకు వేయదలచినవారు వెడల్పును తగ్గించుకొనవలెను. వెడల్పు కావలసినవారు రేకు వేసికొనవలెను. వస్తువును కొనకముందే ఈ లెక్క చేయవలెను. రేకుకు కావలసిన వాసపు పొడవు 12 అడుగుల 3 అంగుళములు. చూరు ఒకటిన్నర అడుగు వెలుపలికి రావలెను గాన పదునాలుగు అడుగుల వాసములను తేవలెను.

ఈ కప్పుపై ఒక్క అంగుళము వాన కురిసినచో ఎంత నీరు చేరునో చూడుడు. 240 చదరపు అడుగుల చోటున అంగుళము నీరనగా 20 ఘనపుటడుగులు. ఇంచుమించు 566 లీటర్లు. 15 లీటర్లు పట్టు బిందెలతో 37 బిందెలకు పైన. మన మిద్దెల తూములు వసారావైపునకే యున్నచో మిద్దెమీది నీరును ఈ కప్పుపైననే దుముకును. కావున పాత తూములను మొదట వేఱొక వైపునకు త్రిప్పవలెను. త్రిప్పుటకు వీలులేనిచో గొట్టముద్వారా కాలువలోనికి దింపవలెను. చూరు క్రింద మూడడుగుల వెడల్పున బండపఱుపు వెలుపలికి వాలుగా వేసినచో నీరు పునాదికి దూరముగా పోవును.

రెండు కట్టడముల నడుమ సందు

వసారాల చెడుగంతయు సామాన్యముగా ఈ సందునందే మొదలగును. పాతగోడపై జాఱు నీరు కప్పునకును గోడకును నడుమ దూరును. సిమెంటుతో ఆ సందును పూడ్చుట అందఱును చేయుపని. మొదటి సంవత్సరము అది నిలుచును. కట్టడములు కదలినంతనే వెండ్రుకవాసి బీట పడి, మునుపటికంటె ఎక్కువ నీటిని లోపలికి పీల్చును.

దీనికి తగిన ఉపాయము ఇది. రేకునకును గోడకును ఒక అంగుళము ఎడము విడువవలెను. కప్పునకు ఆఱంగుళముల పైన పాతగోడలో పొడుగున ఒక గాడి కొట్టి, జింకు తగరపు పట్టీ అంచును అందులో దూర్చి, సున్నముతో పూడ్చవలెను. ఆ పట్టీ క్రిందికి వంగి కప్పుపై గొడుగువలె కప్పియుండవలెను గాని, కప్పునకు దానిని మేకులతో కొట్టరాదు. అపుడు రెండు కట్టడములు తమ యిష్టము చొప్పున కదలినను పట్టీ జాఱుచుండును. నీరు మాత్రము దూరదు. ప్రక్కగోడలు పాతగోడను తాకుచోటను అరంగుళము సందు విడిచి, తారులో ముంచిన నార కుక్కి, పైన ఒక పట్టెను ఒకవైపున మాత్రమే బిగింపవలెను.

గాలి, ఎండ, వెలుతురు

వానలకు ముందు వచ్చు ఈదురుగాలి తెఱపిగల వసారాలో దూరి కప్పును పైకి ఎత్తును. రేకు తేలిక గనుక దానిని క్రిందికి కట్టిపట్టవలెను. కొక్కెపు మరలతో రేకును పట్టెకు, పట్టెను వాసమునకు, వాసమును దూలమునకు, దూలమును కంబమునకు, కంబమును పునాదికి బిగించుకొని రావలెను. ఈ గొలుసులో ఒక్క కొక్కెము బలహీనమైనను కప్పు ఎగిరిపోవును.

రేకు ఎండకు మండును. పైన సున్నము పూసినచో కొంత వేడి తిరిగి పోవును. క్రింద వెదురు తడికె కట్టినచో మఱికొంత తగ్గును. కమ్మరి కొలిమిపై మాత్రము తడికె కట్టరాదు. ఆస్బెస్టాసు రేకులను కోయునపుడు లేచు దుమ్ము ఊపిరితిత్తులకు హానికరము. పాత రేకులను కోయుట గాని, తొలుచుట గాని చేయకుడు.

నేతకు ఉత్తరపు వెలుతురు మేలు. అది సమముగా నుండును. అయితే మన ఊళ్లు భూమధ్యరేఖకు ఉత్తరమున పదునైదున్నర డిగ్రీల దాపున నుండుటచే, మే మొదటి వారమునుండి ఆగస్టు రెండవ వారమువఱకు మధ్యాహ్న సూర్యుడు మనకు ఉత్తరముననే యుండును. కావున ఆ వైపునను చూరు కొంత వెలుపలికి రావలెను. పాతయింటి కిటికీలను వసారా మూసివేయకుండునట్లు, కప్పు వాని పైన గాని, క్రింద గాని పోవునట్లు చూడవలెను. లోపలివారి గాలిని దోచుకొని మగ్గమునకు చోటు చేయుట న్యాయము కాదు.

పని మొదలుపెట్టకముందు పురపాలక సంఘమువారి లేక పంచాయతీవారి అనుమతి పొందవలెను. గోడ పొరుగువారితో ఉమ్మడి యైనచో వారి సమ్మతి వ్రాతమూలకముగా తీసికొనుట మంచిది. మన చూరు నీరు వారి పెరటిలో పడరాదు.

విద్యార్థులకు ఒక పని

మీ యింటికి గాని, మీ బంధువుల యింటికి గాని ఇట్టి వసారా యున్నచో, పాత క్రొత్త గోడలు కలియుచోట బీట కలదేమో చూడుడు. ఉన్నచో దానికి అడ్డముగా సన్నని కాగితపు ముక్కను జిగురుతో అంటించి, దానిపై తేదీ వ్రాయుడు. వేసవి చివర ఒకసారి, వానలు వెనుకబట్టిన పిమ్మట ఒకసారి చూడుడు. కాగితము చెక్కుచెదరకున్నచో ఆ బీట పాతది, దానికి భయపడనక్కఱలేదు. చినిగినచో గోడ ఇంకను కదలుచున్నదని యర్థము. మీ పెద్దలకు చూపి, గోడ మొదట నీరు ఎచ్చట పడుచున్నదో ముందు వెదకుడు. వెడల్పగుచున్న బీట ప్రక్కన, వానలో, ఎవరును పండుకొనకుండ చూచుకొనుడు. ఆ కాగితపు ముక్కలను జాగ్రత్తచేసి తెచ్చిన విద్యార్థులతో వానిని గుఱించి ముచ్చటించుటకు మేము ఎల్లప్పుడును సిద్ధముగా నుందుము.